చిట్టీ మీద రాసిన రెండు ముక్కలు, రిపోర్టులో ఒక ప్రశ్నార్థకం

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మర్రిగూడ మండలం. నేను హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మకు 58 ఏళ్లు, షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది. మూడు నెలలుగా అన్నం తిన్నాక కడుపులో కుడివైపు పైన నొప్పి అంటోంది. నల్లగొండలో అల్ట్రాసౌండ్ తీస్తే గాల్ బ్లాడర్‌లో రాళ్లు ఉన్నాయి, లివర్‌లో ఒక మచ్చ కూడా ఉంది, సీటీ తీయించండి అన్నారు. హైదరాబాద్‌లో ఒక సెంటర్‌లో కాంట్రాస్ట్ సీటీ తీయించాను, ఏడు వేలు అయింది. అది తీసి రెండు వారాలు దాటింది. రిపోర్టులో లివర్‌లో హిమాంజియోమా అని, సబ్ సెంటిమెట్రిక్ మెసెంటెరిక్ నోడ్స్ అని, ఎముకల దగ్గర 'డిఫ్యూజ్ ఆస్టియోస్క్లిరోసిస్, ? ఫ్లోరోసిస్ ? మెటాస్టాసిస్' అని ఉంది. మెటాస్టాసిస్ అంటే గూగుల్‌లో క్యాన్సర్ అని వచ్చింది, అప్పటినుంచి నిద్ర లేదు. గాల్ బ్లాడర్ రాళ్ల మాటే అందులో లేదు, మరి ఏ స్కాన్ తప్పు? కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మ పేరు ఉంది కానీ 'ఓపీలో చేసిన పరీక్ష, కవర్ కాదు' అని మెయిల్ పెట్టారు. ఒక రోజు అడ్మిట్ అయినట్టు చూపిస్తే పైసలు వస్తాయని మా బావ అంటున్నాడు. మళ్లీ ఇంకో పెద్ద హాస్పిటల్లో సీటీ తీయించమని చిన్నాయన అంటున్నాడు. ఆరోగ్యశ్రీ కూడా ఉంది, దాంట్లో వస్తుందా? ఏం చెయ్యమంటారు?

సమాధానం: తమ్ముడూ, ముందుగా మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆ మాట దగ్గరికే వస్తాను, అది తేలకుండా ఇన్సూరెన్స్ సంగతి ఎంత చెప్పినా మీకు తలకెక్కదు.

రిపోర్టులో ఒక జబ్బు పేరు ముందు ప్రశ్నార్థకం పెట్టారంటే ఆ జబ్బు ఉందని కాదు. ఎముకలు మామూలుకంటే తెల్లగా, గట్టిగా కనబడుతున్నాయి, దానికి కారణం ఇది కావచ్చు, అది కావచ్చు, మనిషిని దగ్గరగా చూసిన డాక్టరు తేల్చుకోవాలి అని రేడియాలజిస్టు చెబుతున్నాడు. సీటీలో ఎముక తెల్లగా కనబడటానికి ఉన్న కారణాల్లో క్యాన్సర్ పాకడం ఒకటి, ఫ్లోరోసిస్ ఇంకొకటి. ఫ్లోరోసిస్ అంటే తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని వచ్చే జబ్బు. మీ ఊరి పేరు చూడగానే నాకు రెండోదే ముందు తడుతుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్ల కథ మన నల్లగొండ జిల్లాలో తెలియని వాళ్లు లేరు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మీ వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి, మంచిదే, కానీ మీ అమ్మగారు చిన్నప్పటి నుంచి నలభై యాభై ఏళ్లు తాగింది ఆ బోరు నీళ్లే కదా. అన్నేళ్లు ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ నీళ్లు మారగానే పోదు. వెన్నుపూస, తుంటి ఎముకలు అన్నీ ఒకే తీరుగా గట్టిపడి, లిగమెంట్ల వెంబడి సున్నం పేరుకుని సీటీలో అలా తెల్లగా కనబడుతుంది.

రేడియాలజిస్టుకు ఆ ఊరి సంగతి ఎలా తెలుస్తుంది? ఆయన ముందు ఉన్నవి బొమ్మలు, వాటితో పాటు ఓపీ చిట్టీ మీద డాక్టరు రాసిన రెండు ముక్కలు. మీరు పంపిన చిట్టీ ఫొటోలో ఉన్నది 'పెయిన్ అబ్డామిన్, సీఈసీటీ అబ్డామిన్', అంటే కడుపునొప్పి, కాంట్రాస్ట్ ఎక్కించి కడుపు సీటీ, అంతే. నల్లగొండ మనిషి అని లేదు, తిన్నాక కుడివైపు నొప్పి అని లేదు, అల్ట్రాసౌండ్‌లో ఏం కనబడిందో లేదు. చాలా సెంటర్లలో బొమ్మలు ఒకచోట తీస్తారు, రిపోర్టు ఇంకోచోట కూర్చున్న డాక్టరు కంప్యూటర్‌లో చూసి రాస్తాడు, ఆయన రోగి ముఖం కూడా చూడడు. అందుకని రెండు పేర్లూ రాసి ప్రశ్నార్థకం పెట్టాడు, ఆయన చేసింది సరైన పనే. ఈ చిట్టీ సంగతి గుర్తుపెట్టుకోండి, మీ ఇన్సూరెన్స్ చిక్కు కూడా ఇక్కడికే వచ్చి ఆగుతుంది.

మనిషిని చూడకుండా, బొమ్మలు చూడకుండా ఇది ఫ్లోరోసిస్సే, ఏమీ కాదు అని నేను ఇక్కడ కూర్చుని రాయకూడదు, రాయను కూడా. చేయాల్సింది మాత్రం పెద్ద ఖర్చు లేని పని. నల్లగొండలోనే ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయించండి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పల్చటి పొర ఉంటుంది, ఫ్లోరోసిస్‌లో ఆ పొర వెంట సున్నం పట్టి ముళ్లలాగా కనబడుతుంది, ఇది మా వైపు డాక్టర్లకు బాగా పరిచయం ఉన్న గుర్తు. దాంతో పాటు ఆల్కలైన్ ఫాస్ఫటేస్ అనే రక్తపరీక్ష, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష. మెడ తిప్పడం, నడుము వంచడం, కింద కూర్చుని లేవడం ఎన్నేళ్లుగా కష్టంగా ఉందో అమ్మను అడగండి. అలాగే రెండో అవకాశాన్ని కూడా పక్కకు నెట్టకండి: ఈ మధ్య బాగా బరువు తగ్గిందా, రొమ్ములో గడ్డ ఏమైనా ఉందా, రాత్రిపూట కొత్తగా ఎముక నొప్పి వస్తోందా అన్నది డాక్టరు అడిగి, చేత్తో పరీక్షించి చూడాలి. అమ్మలు ఇలాంటివి కొడుకుకు చెప్పరు. మీ అక్కనో మీ భార్యనో వెంట పంపండి.

ఇక మిగతా మాటలు. హిమాంజియోమా అంటే లివర్‌లో రక్తనాళాల ముద్ద, లివర్‌లో వచ్చే గడ్డల్లో అన్నిటికన్నా మామూలుగా కనబడేది ఇదే, ఇది క్యాన్సర్‌గా మారదు, చిన్నదైతే మందు కూడా అక్కర్లేదు. మీ అమ్మకు కాంట్రాస్ట్, అంటే బొమ్మలో తేడా తెలిసేలా చేసే మందు, ఎక్కించింది దీని కోసమే. ఆ మందు గడ్డ అంచుల నుంచి మెల్లగా లోపలికి నిండుతుంది, ఆ నిండే తీరు చూసే హిమాంజియోమా అని చెప్పగలిగారు, ఇంజెక్షన్ లేకుండా తీస్తే అది ఒక మసక మచ్చగా మాత్రమే కనబడి, మళ్లీ ఇంకో పరీక్ష రాసేవాళ్లు. సబ్ సెంటిమెట్రిక్ నోడ్స్ అంటే సెంటీమీటరు కంటే చిన్న లింఫ్ గ్రంథులు, మనం బిళ్లలు అంటాం. ఆ సైజువి చాలామంది కడుపులో ఉంటాయి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం లాంటివి లేకపోతే వాటిని పట్టించుకోరు.

రాళ్ల విషయంలో ఏ స్కానూ తప్పు కాదు. సీటీ ఖరీదైన స్కాన్ కాబట్టి అన్నీ దాంట్లో బాగా కనబడాలి అనుకుంటాం, కానీ గాల్ బ్లాడర్ రాళ్లకు అల్ట్రాసౌండే మెరుగు. సున్నం ఉన్న రాయి సీటీలో తెల్లగా మెరుస్తుంది, కొలెస్ట్రాల్ రాయి చుట్టూ ఉన్న పసరుతో కలిసిపోయి కనబడకుండా పోతుంది. కిడ్నీ రాళ్లకైతే దీనికి ఉల్టా, అక్కడ ఇంజెక్షన్ లేని మామూలు సీటీయే బాగా పట్టిస్తుంది. కాబట్టి అల్ట్రాసౌండ్‌లో రాళ్లు ఉన్నాయన్నారంటే ఉన్నట్టే, మీ అమ్మ నొప్పి కూడా అచ్చం ఆ నొప్పిలాగే ఉంది, తిన్నాక, కుడివైపు పైన. నొప్పి లేకుండా రాళ్లు మాత్రమే ఉంటే చాలామందికి ఆపరేషన్ అవసరం పడదు. మీ అమ్మలాగా మాటిమాటికీ నొప్పి వచ్చేవాళ్లకు సాధారణంగా గాల్ బ్లాడర్ తీసేయమనే సర్జన్లు చెబుతారు. ఇప్పుడు మీరు కలవాల్సింది సర్జన్‌ను, ఇంకో స్కానింగ్ సెంటర్‌ను కాదు.

చిన్నాయనకు ఇలా చెప్పండి: అదే సీటీ మళ్లీ తీస్తే అవే బొమ్మలు వస్తాయి. కడుపు సీటీ ఒక్కసారి తీస్తే సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్టుల రేడియేషన్ పడుతుంది, అంటే గాలి, నేల, ఆకాశం నుంచి మన ఒంటి మీద మామూలుగా మూడు నాలుగేళ్లలో పడేంత. కారణం ఉండి తీసినప్పుడు, ఈ వయసులో అది భయపడాల్సిన సంగతి కాదు, కానీ ఊరికే రెండోసారి ఎందుకు? సెంటర్‌కు వెళ్లి సీడీ గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ బొమ్మలు మొత్తం అడిగి తీసుకోండి. చేతికిచ్చే ఫిల్ముల మీద ఉండేవి కొన్ని బొమ్మలే, సీడీలో వందల ముక్కలు ఉంటాయి. రెండో అభిప్రాయం కావాలంటే ఆ సీడీని ఇంకో రేడియాలజిస్టుకు చూపించండి, అది తీసుకెళ్లేటప్పుడు 'మర్రిగూడ మండలం, ఫ్లోరైడ్ ఊరు, చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు' అని చిట్టీ మీద డాక్టరు చేత రాయించండి. బీబీనగర్ ఎయిమ్స్ అయినా, నిమ్స్ అయినా, నల్లగొండ జనరల్ హాస్పిటల్ అయినా, చూసేవాళ్లకు ఆ ఒక్క వాక్యం చాలా పని చేస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లకు కాంట్రాస్ట్ అంటే అందరికీ టెన్షనే కాబట్టి అదీ చెప్తాను. ఆ ఇంజెక్షన్‌లో అయోడిన్ ఉంటుంది, ఒళ్లంతా వేడి పాకినట్టు, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది, ఒక నిమిషంలో పోతుంది. కిడ్నీలు ముందే బలహీనంగా ఉన్నవాళ్లకు అది ఇబ్బంది చేయవచ్చు కాబట్టే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తారు, కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకు మెట్‌ఫార్మిన్ రెండు రోజులు ఆపమంటారు. చెడు జరిగితే రెండు మూడు రోజుల్లోనే తెలుస్తుంది. మీరు రెండు వారాలు దాటారు, అమ్మ బాగానే ఉంది. ఆపరేషన్‌కు ముందు ఎలాగూ క్రియాటినిన్ చేస్తారు, అప్పుడు ఒకసారి చూసుకోండి చాలు.

ఇప్పుడు పైసల సంగతి. ఇన్సూరెన్స్ వాళ్లు మీకు పెట్టిన మెయిల్ వినడానికి కఠినంగా ఉన్నా నిబంధన ప్రకారం ఉన్నదే. మామూలు హెల్త్ పాలసీ హాస్పిటల్లో చేరి చేయించుకున్న చికిత్సకు కడుతుంది, సాధారణంగా 24 గంటలు చేరి ఉండాలి, అదే రోజు ఇంటికి పంపే డే కేర్ ఆపరేషన్లు వేరే లెక్క. ఓపీలో రాసిన స్కాన్‌కు విడిగా కట్టదు. కొన్ని కంపెనీలు తమ ఉద్యోగులకు ఓపీ కవర్ కూడా కలిపి తీసుకుంటాయి, మీ హెచ్ఆర్‌ను అడిగి పాలసీ కాగితం తెప్పించుకుని ఒకసారి చూడండి, చాలామంది ఆ కాగితం కళ్లతో చూడకుండానే సంవత్సరాలు గడిపేస్తారు.

మీ బావ చెప్పింది మాత్రం చేయొద్దు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. మొదటిది, అలా చేసినా పైసలు రావు, ఎందుకంటే కేవలం పరీక్షల కోసం చేరితే కట్టేది లేదు అని దాదాపు ప్రతి పాలసీలోనూ ఒక మినహాయింపు రాసి ఉంటుంది, దాని కోడ్ ఎక్స్‌క్లూజన్ 04. ఒక రాత్రి బెడ్ మీద పడుకోబెట్టి సెలైన్ ఎక్కించినట్టు రాసినా, లోపల చికిత్స ఏమీ లేదని కేస్ షీట్ చూస్తే వాళ్లకు తెలిసిపోతుంది. రెండోది, అబద్ధపు అడ్మిషన్ మోసం కిందికి వస్తుంది, పట్టుబడితే రేపు అమ్మకు నిజంగా ఆపరేషన్ అయినప్పుడు ఆ క్లెయిమ్ కూడా పోతుంది. ఏడు వేల కోసం లక్ష రూపాయల ఆపరేషన్ కవర్‌ను ఎవరైనా పోగొట్టుకుంటారా?

నిజానికి మీ ఏడు వేలు ఇంకా పోలేదు. పాలసీలో 'ప్రీ హాస్పిటలైజేషన్' అని ఒకటి ఉంటుంది. హాస్పిటల్లో చేరకముందు అదే జబ్బు కోసం పెట్టిన ఖర్చులు, అంటే డాక్టరు ఫీజు, రక్తపరీక్షలు, స్కాన్లు, చాలా పాలసీల్లో 30 రోజుల వరకు, కొన్నిటిలో 60 రోజుల వరకు వెనక్కి ఇస్తారు. అడ్మిషన్ తేదీ నుంచి వెనక్కి లెక్క. సర్జన్ ఆపరేషన్ చేయాలంటే, అది ఆ గడువు లోపల పడితే, అల్ట్రాసౌండ్, సీటీ, రెండు బిల్లులూ ఆ క్లెయిమ్‌తో పెట్టుకోవచ్చు. మీకు ఇప్పటికే రెండు వారాలు అయిపోయాయి కాబట్టి సర్జన్‌ను ఈ వారంలోనే కలవండి. బిల్లు కోసం తొందరపడి ఆపరేషన్ చేయించమని కాదు, సర్జన్ అవసరం లేదంటే ఆ ఏడు వేలు వదిలేసుకోండి. అవసరమే అంటే మాత్రం ఊరికే నెలలు సాగదీయకండి.

ఇక్కడే మళ్లీ ఆ చిట్టీ అడ్డం వస్తుంది. 'అదే జబ్బు కోసం' అన్న మాట ఉంది చూశారా, ఇప్పుడు జరిగే చికిత్సకు సంబంధం లేని పరీక్షలకు కట్టరు. ఆపరేషన్ గాల్ బ్లాడర్‌కు అవుతుంది, సీటీ రిపోర్టులో గాల్ బ్లాడర్ రాళ్ల మాటే లేదు, చిట్టీ మీద 'కడుపునొప్పి' తప్ప ఏమీ లేదు. కాగితాలు చూసేవాడు ఈ సీటీ లివర్ మచ్చ కోసం తీసింది, గాల్ బ్లాడర్‌కు సంబంధం లేదు అని కొట్టేయవచ్చు. అందుకని స్కాన్ రాసిన డాక్టరు దగ్గరికి వెళ్లి, తిన్నాక కుడివైపు నొప్పి, అల్ట్రాసౌండ్‌లో రాళ్లు, లివర్‌లో మచ్చ, ఆపరేషన్‌కు ముందు అది తేల్చుకోవడానికి సీటీ అవసరమైంది అని జరిగింది జరిగినట్టు ఒక లెటర్ రాయించుకోండి. ఈరోజు తేదీతోనే రాయించుకోండి, పాత తేదీ వేయమని అడగొద్దు. డిశ్చార్జి సమ్మరీలో కూడా ఈ రెండు స్కాన్ల సంగతి రావాలి, ఇంటికి వచ్చాక కాదు, డిశ్చార్జి కాకముందే డ్యూటీ డాక్టరుకు చెప్పి చదివి చూసుకోండి.

బిల్లు అంటే నంబరు, తేదీ, రోగి పేరు, సెంటర్ ముద్ర ఉన్న పక్కా బిల్లు. బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తాం అంటే ఒప్పుకోకండి. మనవైపు అమ్మల పేర్లు ఆధార్‌లో ఒకలాగా, రేషన్ కార్డులో ఇంకోలాగా, ఇన్సూరెన్స్ కార్డులో మరోలాగా ఉంటాయి, వయసు కూడా అంతే. ఇంటిపేరు ముందా వెనకా అన్న దాని మీద క్లెయిములు నెలలు ఆగుతాయి. హాస్పిటల్లో పేరు రాయించేటప్పుడే ఇన్సూరెన్స్ కార్డులో ఉన్నట్టు రాయించండి.

ఆపరేషన్‌కు ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ హాస్పిటల్ అయితే, బిల్లు వాళ్లే నేరుగా కట్టేలా ముందే క్యాష్‌లెస్ అప్లికేషన్ పెట్టండి. 2024 నుంచి ఇన్సూరెన్స్ కంపెనీల మీద పెత్తనం ఉన్న ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమం ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలో వాళ్లు తేల్చాలి, డిశ్చార్జి రోజు ఫైనల్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. స్కాన్ బిల్లులు క్యాష్‌లెస్‌లో రావు, డిశ్చార్జి అయ్యాక విడిగా అసలు కాగితాలతో రీయింబర్స్‌మెంట్ పెట్టుకోవాలి, దానికి గడువు ఎన్ని రోజులో పాలసీలో చూసుకోండి. తల్లిదండ్రులకు కో పే ఉందా అని కూడా చూడండి, ఉంటే కొంత శాతం మీరే కట్టాలి. సొంతంగా కొన్న పాలసీ ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: గాల్ బ్లాడర్ రాళ్లకు చాలావాటిలో రెండేళ్ల వెయిటింగ్ ఉంటుంది, అంటే పాలసీ తీసుకున్నాక రెండేళ్లదాకా దానికి కట్టరు. కంపెనీ గ్రూప్ పాలసీల్లో ఎక్కువగా ఇది ఉండదు.

ఆరోగ్యశ్రీ వేరే దారి. పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు, కానీ అది హాస్పిటల్‌కు నేరుగా కట్టే పథకం, బయట సెంటర్‌లో మీరు జేబులోంచి కట్టిన స్కాన్ డబ్బులు తిరిగి ఇచ్చేది కాదు. అయితే ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో చేయిస్తే దానికి కావాల్సిన పరీక్షలు ప్యాకేజీలోనే వస్తాయి. మీరు చూసుకున్న హాస్పిటల్లో ఈ ఆపరేషన్ ఆ జాబితాలో ఉందో లేదో అక్కడ ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి, 104కు ఫోన్ చేసినా చెబుతారు. సీఎం రిలీఫ్ ఫండ్‌కు పెడదాం అని ఎవరైనా అంటే, అక్కడా అసలు బిల్లులే అడుగుతారు, ఒకే బిల్లు ఇన్సూరెన్స్‌కూ అక్కడికీ రెండుచోట్లా పెట్టకూడదు.

ఆపరేషన్ తర్వాత స్కాన్ బిల్లు కొట్టేస్తే, ఏ క్లాజ్ ప్రకారం కొట్టేశారో రాతపూర్వకంగా అడగండి, చెప్పడం వాళ్ల బాధ్యత. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయండి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాది లోపల వెళ్లాలి. ఇప్పుడు వచ్చిన మెయిల్ మీద మాత్రం కొట్లాడకండి, ఆపరేషన్ అయ్యాక పెట్టే క్లెయిమ్‌కే మీ ఓపిక దాచుకోండి.

ఈలోపు అమ్మకు చలితో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, నొప్పి గంటల తరబడి తగ్గక వీపులోకి పాకి వాంతులైనా, నెట్‌వర్క్ హాస్పిటలా కాదా అని వెతుక్కుంటూ కూర్చోకండి. దేవరకొండ అయినా నల్లగొండ అయినా దగ్గర్లో ఉన్న హాస్పిటల్‌కు వెంటనే తీసుకెళ్లి చేర్పించండి. ఎమర్జెన్సీలో చేరితే ఇన్సూరెన్స్ వాళ్లకు సాధారణంగా 24 గంటల్లోపు తెలియజేస్తే చాలు, ఆ ఫోన్ అమ్మను చేర్పించాక చేసుకోవచ్చు.